పిడికెడు ఉలవలు

మా ఊరి గుర్రప్పందెంలో ముందొచ్చిన గుర్రం గెలిచినట్టు కాదు. వచ్చి ఉలవలు తినాలి. ఈ ముక్క ముందే చెప్పకపోతే మిగతా కథ ఎవరికీ ఎక్కదు.

వేరుశనగ పీకేసి చేలు ఖాళీ అయ్యాక, పొద్దున్నే పళ్ళు టకటకలాడే చలి మొదలయ్యాక, ఏటా ఒక రోజు ఈ పందెం. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో వస్తే దిగేచోటే వాగు. వాగంటే ఇసుకే, అందులో నీళ్ళు చూసిన గుర్తు నాకు సరిగ్గా లేదు. ఆ ఇసుకలో బయల్దేరి, గుట్టల వరస చుట్టూ మూడు చుట్లు తిరిగి, మళ్ళీ అక్కడికే చేరాలి. తెల్లారి కదిలిన గుర్రాలు తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. ఉరుకు గుర్రాలకు ఇక్కడ పనిలేదు. దమ్మున్నదే నిలుస్తుంది.

ఆ దమ్ము తేల్చడానికే ఉలవలు. చావబాది తోలుకొచ్చిన గుర్రం నీళ్ళకు మూతి చాపుతుందేమో గానీ మేత ముట్టదు. అందుకని ముందొచ్చిన గుర్రం చెమట ఆరేదాకా ఆగి, మూడు పిడికిళ్ళు నానబెట్టిన ఉలవలు దాని మూతి దగ్గర పెడతారు. మూడింటిలో ఒక్కటి తిన్నా గెలిచినట్టే. తినకపోతే రెండోదానికి పెడతారు. గెలిచిన గుర్రం మీద నల్ల కంబళి కప్పుతారు. కంబళి కప్పే ముందు గుర్రం యజమాని కూడా, బుట్ట పట్టినవాళ్ళ చేతి నుంచి పిడికెడు తీసుకుని అందరి ముందూ నమలాలి.

ఆ బుట్ట మా ఇంటిది. మా నాయన గుర్రాలకు, ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. ఏ గుర్రం కాలు ఎట్లాంటిదో తెలిసినా ఏ గుర్రమూ తనది కానివాడు గనుక, వాళ్ళ నాయన కాలం నుంచే తీర్పు మా ఇంటికి వదిలేశారు. చదువు లేదు, పొలం లేదు. ఏడాదికొకసారి వాగులో నిలబడి "తినింది" అనో "తినలేదు" అనో ఒక్క మాట అనే హక్కు మాత్రం ఉండేది. ఆ ఒక్క మాట కోసం ఆయన ఏడాదంతా అబద్ధం ఆడకుండా బతికాడు. సంతలో మేకను బేరమాడేటప్పుడు కూడా ఉన్నదున్నట్టు చెప్పేసి మా అమ్మతో చీవాట్లు తినేవాడు.

గుర్రానికి పెట్టే ముందు ఆయన అరచేతిలోంచి నాలుగు గింజలు తన నోట్లో వేసుకునేవాడు. చిన్నప్పుడు నాకది తలవంపుగా ఉండేది.

"అందరి ముందర గుర్రాల మేత తింటావేంది నాయనా" అంటే నవ్వేవాడు.

"ఆకలి మ్మా" అనేవాడు. నేను నమ్మేశాను.

నాకు పదహారేళ్ళప్పుడు ఆసామి గుర్రం ముందొచ్చింది. ఆసామి అంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో సగం భూమి ఉన్నాయన. పేరు ఎందుకు, ఆయన ముందు ఇప్పటికీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆ గుర్రం నోటి నిండా నురగ. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. చెమట ఆరేదాకా నిలబెట్టారు, నాయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని చెయ్యి చాపాడు. గుర్రం తల తిప్పుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి చెయ్యి వాసన కూడా చూడలేదు.

"తినలేదు సామీ" అన్నాడు నాయన.

ఆసామి బుట్టలో చెయ్యి పెట్టి, గుర్రం దవడ విడదీసి, లోపల కుక్కాడు. సగం ఇసుకలో పడింది.

"ఇప్పుడు తినింది. చెప్పు."

"తినలేదు సామీ."

ఆసామి తన చేతిలో ఉన్న చిలకోల కర్రతో నాయన అరచేతి మీద కొట్టాడు. ఉలవలు చాపిన చెయ్యి ఇంకా చాపే ఉంది, దాని మీదే కొట్టాడు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. వాగులో వందల మంది ఉన్నారు. ఒక్కడి నోరు పెగల్లేదు. ఆసామి కంబళి తనే లాక్కుని గుర్రం మీద కప్పాడు. నాయన దెబ్బలు తిన్న చేత్తోనే, ఆచారం కదా, పిడికెడు ఉలవలు చాపితే, తీసుకోకుండా మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఆ గుర్రం చచ్చిపోయింది. పాము కరిచిందని ఆసామి ఊరంతా చాటించాడు. నాయన గురించి కూడా చాటించాడు. రెండో గుర్రం వాళ్ళతో కుమ్మక్కయ్యాడని, అందుకే తినలేదని చెప్పాడని. నాయన రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. సుత్తి పట్టు జారిపోతుంటే లాడాల పని మానేశాడు. దానికి ఆయన పెద్దగా ఏడవలేదు. బజార్లో ఎవడో కుర్రకుంక "అబద్ధాల బుట్టోడు పోతాండాడు చూడు" అన్నప్పుడు మాత్రం ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నన్ను రాయదుర్గం ఇచ్చారు. అక్కడ జీన్స్ కుట్టే యూనిట్లో చేరాను. ఇప్పటికీ అదే పని, వేళ్ళకు నీలం రంగు వదలదు. కుట్టు మిషను మీద కూర్చుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, బుర్ర ఖాళీ. ఆ ఖాళీలో నేను ఆసామిని పెట్టుకున్నాను. సూది కింద బట్టకు బదులు ఆయన మూతి ఉందనుకుని జేబు వెనక జేబు కుట్టేదాన్ని. మనిషి కోపం కొన్నాళ్ళకు చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు, నేను చల్లారనివ్వలేదు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, పెంచాను, పెళ్ళిళ్ళు చేశాను. ఆ పనుల మధ్యన దాన్ని కూడా పెంచాను.

నాయన రెండేళ్ళ కిందట పోయాడు. చివరి రోజుల్లో ఏదడిగినా సరిగ్గా జవాబు చెప్పేవాడు కాదు. ఆ పందెం సంగతి ఎత్తితే మాత్రం కళ్ళు తెరిచి "తినలేదు మ్మా" అనేవాడు. ఎవరో నమ్మాలని ఎదురుచూస్తున్నట్టే అనేవాడు.

ఈ చలికాలం మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పందెం నడిపే తాత. గొర్రెల కాపరి, కంబళి నేసి ఇచ్చేది వాళ్ళిల్లే. ఇన్నేళ్ళూ ఆసామి మనుషులే బుట్ట పట్టుకుని, ముందొచ్చినదల్లా తినిందంటూ వచ్చారు. గుర్రాలు చచ్చిపోతున్నాయని బయటి ఊళ్ళవాళ్ళు రావడం మానేశారు.

"బుట్ట మీ ఇంట్లోంచి రాకుంటే ఈ తూరి కంబళి ఇచ్చేది లేదని చెప్పేసినా" అన్నాడు తాత. "మీ నాయనకు కొడుకుల్లేకుంటే ఏమప్పా, కూతురుండాది కదా."

"ఆ పొద్దు నువ్వు యాడుంటివి తాతా?" అన్నాను.

"వాగులోనే ఉంటి" అన్నాడు. "అందుకే పిలుస్తాండా."

ఆసామి గుర్రం ఈసారి కూడా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. వస్తానన్నాను. అప్పటికే నా బుర్రలో వేపనూనె ఉంది.

రాయదుర్గంలో మా వీధి చివర పెళ్ళి ఊరేగింపులకు గుర్రం తిప్పే అతను ఉన్నాడు. అరచేతికి వేపనూనె రుద్దుకుని, బెల్లం ముక్క పెట్టి, అతని గుర్రానికి చాపి చూశాను. మూతి పెట్టి, పెదవి పైకెత్తి, రెండడుగులు వెనక్కి పోయింది. చాలు. వందల మంది ముందు, ఆసామి మొహం మీద, "తినలేదు" అనాలి. నాకు కావలసింది అంతే. గుర్రం నిజంగా గెలిచిందా లేదా అన్నది నాకు అక్కర్లేదు. అన్యాయమని తెలుసు. తెలిసే చేయబోయాను.

పందెం రోజు తెల్లారే కుడి చేతికి నూనె బాగా పట్టించాను. ఎవరైనా వాసన వస్తోందంటే చలికి చేతులు పగిలాయని చెప్పొచ్చు. వాగులో మునుపటికన్నా జనం ఎక్కువ, అందరి చేతుల్లో ఫోన్లు. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి కిందుగా గుర్రాలు దుమ్ములో కలిసిపోయాయి. ఆసామి నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముసలాడైపోయాడు. మెడ సన్నబడింది. జాలేసిందా అంటే లేదు.

మొదటి చుట్టులో ఆయన గుర్రం అయిదోది. రెండో చుట్టులో మూడోది. ఎక్కినవాడు కొట్టడం లేదు, పగ్గం వదులుగా పట్టుకుని దాని ఇష్టానికి వదిలాడు. మూడో చుట్టు ముగిసేసరికి వెనకవాళ్ళు ఇంకా దూరాన చెరువు గట్టు దగ్గరే ఉన్నారు, అది ఒక్కటే ఇసుకలోకి దిగింది. అన్ని కోసులు తిరిగినా తల పైకే ఉంది. నాకు కడుపు మండిపోయింది. చెడ్డ గుర్రమైనా వచ్చి ఉంటే బాగుండేది.

చెమట ఆరింది. ఆసామి కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. నేనెవరి కూతురినో గుర్తుపట్టినట్టే చూశాడు. నేను బుట్టలోంచి కుడి చేత్తో పిడికెడు తీసి గుర్రం వైపు కదిలాను.

"ఉండు మ్మా" అన్నాడు తాత. "ముందు నువ్వు నోట్లో ఏసుకో. తర్వాతే గుర్రం. మీ నాయన చేసేది చూసిండ్లేదా?"

చూశాను. చిన్నప్పటి నుంచీ ప్రతి ఏడూ చూశాను. ఆకలి అనుకున్నాను. బుట్టలో మోసం లేదని అందరికీ చూపించడానికి ఆయన ముందు తను తినేవాడని, ఆ ఇసుకలో నిలబడితే గానీ నాకు తెలియలేదు. సొంత నాయన చేతి పని అర్థం చేసుకోలేని మొద్దుని.

నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. చేదు నాలిక నుంచి గొంతు దాకా పాకింది. ఉమ్మితే అందరికీ తెలిసిపోతుంది. నమిలి మింగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాయన గుర్తొచ్చాడనుకుని ఎవరో అయ్యో అన్నారు.

అప్పుడు మనసు మారింది. మంచితనంతో కాదు, ఒట్టు. ఆసామి మొహం చూస్తే తట్టింది. ఈ చేత్తో గుర్రానికి పెట్టి "తినలేదు" అంటే, మా ఇంటి గురించి ఆయన ఇన్నేళ్ళూ చాటింది నిజమైపోతుంది. అబద్ధాల బుట్ట అవుతుంది. అంత పెద్ద బహుమానం ఆయనకు నా చేత్తో ఇస్తానా?

కుడి పిడికిలి బిగించి కొంగు పరిచాను.

"చెయ్యి పగిలిండాది తాతా. కొంగులో పెడతా."

తాత నా పిడికిలి వైపు చూశాడు. ఏళ్ళ తరబడి గొర్రెల పుండ్లకు వేపనూనె పూసిన మనిషి. ముక్కు ఎగబీల్చాడు.

"కొంగైనా ఒకటేలే" అన్నాడు.

ఎడమ చేత్తో బుట్టలోంచి తీసి కొంగులో పోశాను. ముందు నాలుగు మంచి గింజలు మళ్ళీ నోట్లో వేసుకున్నాను, ఆ తర్వాత చాపాను. గుర్రం ఒక్కసారి వాసన చూసి మూతి పెట్టింది. పరపరా నమిలింది. రెండో పిడికెడు, మూడో పిడికెడు, ఆఖరికి కొంగు కూడా లాగింది.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నాయన గొంతు ఎంత ఉండేదో అంత గొంతు పెట్టి చెప్పాను.

"ఈ తూరి తినిందప్పా."

ముసలివాళ్ళలో ఒకడు "ఈ తూరి" అని మెల్లగా అన్నాడు. ఇంకొకడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ రోజు నోరు మూసుకుని నిలబడినవాళ్ళే వీళ్ళు. వీళ్ళ నవ్వు నాకేమీ తియ్యగా లేదు, ఇన్నేళ్ళు ఎక్కడ దాచుకున్నారని అడగాలనిపించింది. ఏం జరిగిందో తెలియని కుర్రవాళ్ళు ఆ తూరి ఏమైందని పెద్దవాళ్ళను అడగడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఆసామికి వినిపించేంత దగ్గరలోనే.

"గెలిచినాక ఆ మాటెందుకు మ్మా?" అన్నాడు ఆసామి, నాకు మాత్రమే వినపడేటట్టు.

నాయన ఆయన్ని సామీ అనేవాడు. నాకు ఆ మాట నోట్లోకి రాలేదు.

"ఇంకోటి మిగిలిండాది అన్నా" అని కుడి పిడికిలి ఆయన ముందు విప్పాను. "మీరు నమల్లేదు. ఆ తూరి కూడా తీసుకోకుండా పోతిరి."

తాత కంబళి భుజాన వేసుకుని పక్కకు వచ్చాడు.

"నమలాల సామీ. లేకుంటే కంబళి కప్పకూడదు."

అన్ని ఫోన్లూ ఆయన వైపు తిరిగాయి. పిడికెడు మొత్తం తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఒక్కసారి నమిలి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. ఉమ్మొచ్చు. ఉమ్మితే ఆయన గుర్రం తిన్న ఉలవలు చెడ్డవని ఆయనే చెప్పినట్టవుతుంది, గెలుపు పోతుంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దవడ మెల్లగా కదిలింది. కళ్ళు ఎర్రబడ్డాయి. గొంతు కిందా మీదా ఆడి, ఆఖరి గింజ దిగేదాకా నేను కదలకుండా నిలబడి చూశాను.

నాయన ఉంటే ఇందుకు ఒప్పుకునేవాడు కాదు. నాయన లేడు. బుట్ట పట్టింది నేను.

"తిన్నాడు తాతా" అన్నాను. "కంబళి కప్పు."