కళ్ళు తెరిచి ఉంచే పని

మీ కులం కాని మనిషి పక్కన, నేల మీద, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని మీరు చివరిసారి ఎప్పుడు తిన్నారు? హోటలు లెక్కలోకి రాదు. అక్కడ పక్కవాడెవరో మీకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా ఉండదు. పెళ్ళి భోజనమూ రాదు. అక్కడికి ఎవరిని పిలవాలో ముందే వడపోసి పెడతారు. ఆలోచించుకోండి, తొందర లేదు.

నేను అలా తిన్నది కర్ణాటకలో, రాయచూరు దగ్గరి మాన్విలో, బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు వేసిన ఒక చిన్న చర్చి వరండాలో. నేను దేవుణ్ణి నమ్మను. ప్రార్థనతో జ్వరం తగ్గుతుందని ఎవరన్నా ఇప్పటికీ వాదనకు దిగుతాను. అయినా ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి మనసు ఆ వరండా మీదికే పోతుంది.

మొదటిసారి అక్కడికి నన్ను తీసుకెళ్ళింది ఆకలి. రాయచూరు బజారులో మాది కిరాణా దుకాణం. వీలు చిక్కినప్పుడల్లా సంస్కరణ సభలకు వెళ్ళి మాట్లాడటం నా అలవాటు. ఆ ఆదివారం మాన్విలో సభ. విషయం సహపంక్తి భోజనం. ఒకరిని మించి ఒకరం మాట్లాడాం. కులాల వారీ పంక్తులను ఉతికి ఆరేశాం. తీర్మానం చేశాం, చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత అందరూ ఎవరింటికి వాళ్ళు భోజనానికి వెళ్ళిపోయారు. సభకు పిలిచినవాళ్ళు నన్ను బస్టాండులో దింపి, బస్సు ఇప్పుడే వస్తుందని చెప్పి కదిలారు. బస్సు రాలేదు. సందులోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది.

వెళ్ళి చూస్తే వరండా పొడుగునా ఈతచాపలు పరిచి ఇస్తరాకులు వేస్తున్నారు. గోడ మీద సుద్దముక్కతో 'ప్రేమవిందు' అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. అన్నం, పప్పు, పుంటికూర. దీన్ని విందంటారా? గరిటె పట్టుకున్న ఒకామె నన్ను చూసింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటూ ఆ చర్చి సంఘానికి వంట చేసిపెట్టే మనిషి. చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు.

"ఏందన్నా, గేటు కాడ నిలబడి వాసన చూస్తున్నవు? కాళ్ళు చేతులు కడుక్కొని కూసో."

"నేను ప్రార్థన చెయ్యను" అన్నాను. సభలో మాట్లాడిన వేడి ఇంకా దిగలేదు. "నాకు దేవుడి మీద నమ్మకం లేదు."

"నమ్మకుంటే నమ్మకు. ప్రార్థనల కండ్లు మూస్తవా, మూయవా? అది చెప్పు."

"మూయను."

"మంచిగైంది. మేమందరం కండ్లు మూసినంక నల్లకుక్క ఒకటి ఒస్తది. పోయిన వారం పప్పు గిన్నెల మూతి పెట్టింది. మా అయ్యగారి ప్రార్థన జర పొడుగు. నువ్వు కండ్లు తెర్చుకొని గిన్నె కాడ కూసో."

అలా ఆ సంఘంలో నాకు ఉద్యోగం దొరికింది. చేతికి ఒక కట్టె ఇచ్చారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే కుక్క వచ్చి మెట్టు మీద ముందుకాళ్ళు పెట్టింది. ఆ వరండాలో కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే. ఒకరినొకరం చూసుకున్నాం. అది కాళ్ళు దించి, మెట్టు కింద పడుకుంది.

అప్పుడు నేను మనుషుల ముఖాలు చూశాను. పత్తి బజారులో బస్తాలు మోసే హమాలీ, వీధులు ఊడ్చే ఆమె, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే రైతు, చర్చి ఎదుటి దర్జీ, అందరూ ఒకే వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకున్న మనిషికి తాను ఎలా కనిపిస్తున్నాడో తెలియదు. పెద్దరికం, బెరుకు రెండూ ముఖం మీద నుంచి జారిపోతాయి. నేను ఎన్నో సభల్లో వేదిక మీద నుంచి ముఖాలు చూశాను. అలాంటివి చూడలేదు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు దుకాణం తమ్ముడికి అప్పగించి బస్సెక్కాను. వాళ్ళకొక పద్ధతి ఉండేది. మొదటి బంతికి రెండో బంతివాళ్ళు వడ్డించాలి, మొదటి బంతిలో కూర్చుని తిన్నవాళ్ళు లేచి రెండో బంతికి వడ్డించాలి. ఆ వరండాలో ఎవరైనా సరే, వడ్డించకుండా తిని వెళ్ళడానికి లేదు. పాస్టరుగారు ఎప్పుడూ రెండో బంతి. ఆయన ఆకులో అన్నం పెట్టేది వీధులు ఊడ్చే ఆమె. "సాకమ్మా, సాకు" అని ఆయన కన్నడంలో చెయ్యి అడ్డం పెడితే, "మీ ప్రార్థన అంత పొడుగు, మీ కడుపు ఇంత పొట్టిదా అయ్యగారూ" అని ఇంకో గరిటె వేసేది.

కోస్తా రైతు గుడికి వెళ్ళే మనిషి. అక్కడికి బియ్యం పంపేవాడు, తానూ వచ్చి కూర్చునేవాడు. పుంటికూర ఆకులో పడ్డప్పుడల్లా అదే గొడవ.

"ఇదిగోనండీ, గోంగూర ఇంకాస్త ఇటు వెయ్యండి."

"గోంగూర లేదు. పుంటికూర ఉంది. కావాల్నా?" అనేది పక్క ఆకు ముందు కూర్చున్న అక్క.

"పుండిపల్యా అంటే ఇద్దరికీ వేస్తాను" అనేవాడు కన్నడ దర్జీ, గరిటె పైకెత్తి పట్టుకుని. ఎవరో ఒకరు ఓడిపోయేదాకా గరిటె దిగేది కాదు.

హమాలీ ఒకసారి నా కట్టె చూసి అన్నాడు. "ఇయ్యాల కాకుంటే రేపు నువ్వు గూడ కండ్లు మూస్తవులే అన్నా."

"మూస్తే కుక్కనెవరు చూస్తరు? ఊకో" అంది అక్క. ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చర్చిల్లో కులం లేదని నేను అనడం లేదు. పూజ ఒక్కచోట చేసి సమాధులు వేరువేరుగా కట్టుకున్న ఊళ్ళు నేను చూశాను. నేను చెబుతున్నది ఆ ఒక్క వరండా గురించే.

కరోనా వచ్చింది. బంతి ఆగింది. సంఘంలోని యువకులు అన్నం పొట్లాలు కట్టి గేటు దగ్గర ఇచ్చారు. అది ఎంతో మంచి పని. రోగం తగ్గింది, పొట్లాలు మాత్రం ఉండిపోయాయి. యువకుల మాటలో న్యాయం ఉంది. పొట్లమైతే బస్టాండుకూ ఆసుపత్రికీ చేరుతుంది, చాపలు ఉతికే పని ఉండదు, ఎవరి వీలు చూసుకుని వాళ్ళు తింటారు. వాదన పోటీ పెడితే వాళ్ళ పక్షాన నేను తేలిగ్గా గెలవగలను.

కానీ వాళ్ళు ఒక్క సంగతి వదిలేశారు. ఈ దేశంలో అన్నం ఎప్పుడూ ఆకలి తీర్చే సంగతి ఒక్కటే కాదు. ఎవరు వండారు, ఎవరు పెట్టారు, ఎవరి పక్కన తిన్నావు, వీటి మీదే మన పెద్దలు ఇంత గోడ కట్టారు. పొట్లం ఆ గోడను ముట్టుకోదు. ఎవరి పొట్లం వాళ్ళు ఎవరి వాడకు వాళ్ళు తీసుకుపోతారు. మా సభ ముగిసిన తీరూ అదే. ఆసుపత్రికి పొట్లాలు వెళ్ళాలి. బంతి కూడా ఉండాలి.

అక్క ఇంత వాదించదు. పోయిన ఆదివారం వెళ్తే ఒకటే మాట అంది. "ఒక్కదాన్నే తింటే ముద్ద దిగుతలేదన్నా. పొట్లం ఇప్పి, గోడను చూసుకుంట కూసుంటున్న." బంతి ఉంచాలా వద్దా అని సంఘం కూడి మాట్లాడుకుందట. పాస్టరుగారు ఆ నిర్ణయం నా ఎదుటే చెప్పారు.

"వచ్చే ఆదివారం ఒక్క బంతి నిండనియ్యి అక్కా, ఎప్పటిలెక్క సాగిద్దం. నిండకుంటే చాపలు చుట్టి పైన పెడదం."

ఆ రోజుకూ ఆమె అప్పటికే చాపలు పరిచేసింది. చిన్న గిన్నెలో పప్పు వండింది. ఆరాధన అయ్యాక జనం పొట్లాలు అందుకుని గేటు వైపు కదిలారు. చాప మీద మిగిలింది అక్క, రైతు, పాస్టరుగారు, నేను. పొడుగాటి చాపకు ఒక మూల సరిపోయాం.

"కట్టె తీసుకో అన్నా" అంది అక్క.

"కుక్క ఏది?"

"గిన్నె లేనిచోట కుక్కకేం పని? ఎటో పోయింది. అయినా తీసుకో."

వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. నేను అలవాటు ప్రకారం తెరిచి ఉంచాను. గేటు దగ్గర పొట్లం పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. వెళ్ళడం లేదు, లోపలికి రావడమూ లేదు. హమాలీ మా వైపే చూస్తున్నాడు. వీధులు ఊడ్చే ఆమె ఒక చెప్పు విప్పింది. పక్కవాళ్ళను చూసి మళ్ళీ తొడుక్కుంది. ఒక్కరు ముందు కదిలితే తక్కిన వాళ్ళు వస్తారు. ఆ ఒక్కరు కదల్లేదు. అంతలో ప్రార్థన అయిపోయింది.

ఆ ఒక్కరు మీరు కండి. వచ్చే ఆదివారం మాన్వి రండి. బస్టాండు వెనక సందు, రేకుల వరండా. గేటు దగ్గర పొట్లం ఇస్తే, ఆసుపత్రికి పంపమని చెప్పండి. అందరూ చూస్తుండగా చెప్పులు విప్పి చాప మీద కూర్చోండి. కళ్ళు మూయాలో వద్దో మీ ఇష్టం. తిన్నాక లేచి, గరిటె పట్టుకుని, రెండో బంతికి వడ్డించండి.