ఆర్విల్ టాకెట్ ఆపిన మాట

ఒహైయోలో మా పట్టణం పోలీసుల్లో ఆర్విల్ టాకెట్‌లా నేరం ఒప్పించగలవాడు మరొకడు లేడు. చెయ్యెత్తేవాడు కాదు. కాఫీ ఇప్పించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నీ బాధేంటో చెప్పరా అబ్బాయ్" అనేవాడు. ఎంత మొండివాడైనా కాసేపటికి కరిగిపోయేవాడు. పక్కన కూర్చుని రాసుకోవడం నా పని.

పంతొమ్మిది వందల అరవయ్యారు వేసవిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రశ్నలడిగే ముందే అనుమానితుడికి నాలుగు మాటలు చెప్పి తీరాలి: నోరు విప్పనక్కర్లేదు, విప్పితే ఆ మాటలే నీ మీద సాక్ష్యం కావచ్చు, వకీలును పిలిపించుకోవచ్చు, స్తోమత లేకపోతే ప్రభుత్వమే పెడుతుంది.

"చేదని ముందే చెప్పి మందు మింగమంటే ఎవడు మింగుతాడయ్యా?" అని ఆర్విల్ గొణిగాడు.

ఆ ఏడే టైర్ల గోదాము తగలబడింది. మనుషులకేమీ కాలేదు. అక్కడ పని పోగొట్టుకున్న లానీ బర్డెట్‌ని తీసుకొచ్చాం. ఆర్విల్ ఆ నాలుగు మాటలూ చదివాడు.

"నేను మాట్లాడకపోతే మీకు కోపం రాదా సార్?" అన్నాడు లానీ.

"వస్తుంది. వచ్చినా చేసేదేం లేదు."

"అయితే వకీలొచ్చేదాకా మాట్లాడను."

సాక్ష్యం లేక అతణ్ణి వదిలేశాం. "దొంగలకి కాపలా కాస్తున్నారా?" అని గోదాము యజమాని దెప్పిపొడిచాడు. ఆర్విల్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు. మోకాళ్ల నొప్పులతోనే ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి పెట్రోలు బంకులో పనిచేసే ఆవిడ, లానీ డబ్బాలో పెట్రోలు పట్టించుకెళ్లాడని చెప్పింది. గోదాము వెనక పొదల్లో ఆ డబ్బా దొరికింది. దాని మీద వేలిముద్రలు లానీవే.

మళ్లీ పట్టుకుని తెస్తుంటే, కారులో లానీ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎందుకు చేశానో చెప్తాను సార్. ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు."

ఆర్విల్ వెనక్కి తిరిగాడు. "ఇప్పుడొద్దు. మీ వకీలు పక్కనున్నప్పుడు చెప్పు" అన్నాడు.

కారు దిగాక నేను ఉండబట్టలేక అడిగాను. "తనంతట తానే చెబుతుంటే ఆపడమేంటండీ?"

"వాడికి కావలసింది వినేవాడయ్యా. ఇవాళ నేను సాక్ష్యం కోసం రాయించుకునేవాణ్ణి."

డబ్బా సాక్ష్యంతోనే కేసు నిలబడింది. లానీకి మూడేళ్లు పడింది. మరుసటేడు ఆర్విల్ రిటైరయ్యాడు. ఒక ఆదివారం బస్సెక్కి ఒక్కడే జైలుకి వెళ్లొచ్చాడు.

"ఏం చెప్పాడేంటి?" అని అడిగాను.

"నాకు చెప్పాడు" అన్నాడు ఆర్విల్. ఆ తరవాత ఎన్నిసార్లు గుచ్చి అడిగినా ఒక్క ముక్క కూడా బయటపెట్టలేదు.