మేస్త్రీ కూతురు, పాత ఫ్లాష్

కన్నియమ్మ కెమెరా ఫ్లాష్‌ను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. లోకనాథానికి ఒళ్ళు మండింది. గుడియాత్తం నుంచి వేలూరు దాకా బస్సులో నిలబడి వచ్చింది ఈ చోద్యం చూడ్డానికా!

అసలాయన కొత్తది కొనడానికే బయలుదేరాడు. "దాన్ని పారెయ్ నాయనా, ఇంగ దానికి వైద్యమేంది?" అని కొడుకు భరణి పొద్దున కూడా పోరు పెట్టాడు. పోయిన నెల మోర్ధానా దగ్గర ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే క్షణాన ఆ ఫ్లాష్ వెలగలేదు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీస్తున్న మనిషి, మొదటిసారి ఒక ఆడపిల్లకు తాళి ఫొటో లేకుండా చేశాడు. ఆ పిల్ల ఉమామహేశ్వరి పల్లెత్తు మాట అనలేదు. పైగా వచ్చే శుక్రవారం తన చెల్లెలి పెళ్ళికీ ఆయన్నే పిలిచింది. "ఈసారి మాత్రం తప్పనియ్యొద్దన్నా" అంది, అంతే. ఆ మాటతో ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఛార్జి ఎక్కకముందే కంగారుపడి తనే నొక్కేశాడేమో! తప్పింది ఫ్లాష్ కాక తన చెయ్యే అయితే, కొత్తది కొని ఏం లాభం? అందుకే దుకాణానికి పోకుండా, ఎవరో చెబితే ఈ రిపేరు అంగడి మెట్లెక్కాడు.

"ఛార్జి చిటికెలో ఎక్కుతా ఉండాదన్నా" అంది కన్నియమ్మ కళ్ళు తెరిచి. "ఎక్కేటప్పటి కూత శుద్ధంగా ఉండాది."

"చెవితోనే చెప్పేస్తావా అమ్మా?" అన్నాడు వెటకారంగా.

"మా నాయన చెంగల్రాయలు మేస్త్రీ. గోడను తట్టి యాడ డొల్లగా ఉండాదో చెప్పేటోడు. నేను ఇటికెలు మోస్తా ఆ వినేది నేర్చుకుంటి. తరవాత రేడియో అంగట్లో చిమ్మే పనికి పోతి. ఆ సేటు నా చెవి చూసి పని నేర్పించినాడు." చెబుతూనే ఫ్లాష్ తిరగేసి, అడుగున సూదితో గీకి, ఆ పొడిని వాసన చూసింది. "అన్నా, ఆయుధపూజకి దీనికి గంధం యాడ పెడతావు?"

"అడుగున. ముందర అద్దానికి పెడితే మరక పడతాది గదా."

"అయ్యో దేవుడా! కెమెరాకు తగులుకునే రేకులు ఆడనే గదన్నా ఉండేది! ఏండ్ల గంధం గట్టిపడి కూర్చోనుండాది. ఒకసారి తగులుతాది, ఒకసారి తగల్దు."

ఏటేటా భక్తిగా తన వేలితో లోకనాథం తనే దాని నోరు మూశాడన్నమాట! గోడలు తట్టిన ఆ మేస్త్రీని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఫ్లాష్ వెలగలేదంటివే, ఆ తాళి ఫొటో కెమెరాలో ఉండాదా?" అనడిగింది కన్నియమ్మ.

"అంతా చీకటమ్మా. దాన్ని మళ్ళీ చూసే ధైర్యం నాకు లేకపోయింది."

కన్నియమ్మ కెమెరా అందుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని దాని తెరలోకి చూసింది. చివరికి కొంగు తీసి, "నువ్వే చూడన్నా" అని కెమెరా ఇచ్చింది.

ఆయన కండువా కప్పుకుని చూశాడు. మొదట నలుపు. కన్ను అలవాటు పడేకొద్దీ పెళ్ళికొడుకు వేళ్ళు, పసుపుతాడు, బిగుసుకుంటున్న మూడో ముడి కనిపించాయి.

"చీకట్లో గూడా ముడి మీదనే గురి పెట్టినావే! నీ చెయ్యి తప్పలేదన్నా."

ఆ ఒక్కమాటకు లోకనాథం కండువా ముఖమ్మీద నుంచి తియ్యకుండానే ఏడ్చేశాడు. కన్నియమ్మ చూడనట్టే దూదిని స్పిరిటులో ముంచి రేకులు తుడిచింది. ఫ్లాష్‌ను కెమెరాకు బిగించి నలభైసార్లు నొక్కింది. నలభైసార్లూ వెలిగింది.

"అయితే కొత్తది కొననా?"

"ఇది పోయినాక కొను."

శుక్రవారం చెల్లెలి మెడలో మూడో ముడి పడ్డప్పుడు కల్యాణమండపమంతా తళుక్కుమంది. హడావుడి సద్దుమణిగాక లోకనాథం ఉమామహేశ్వరిని పక్కకు పిలిచి, భరణి చేత కంప్యూటరులో వెలుతురు పెంచించి అచ్చు వేయించిన ఆమె తాళి ఫొటో చేతిలో పెట్టాడు. ఇసక చల్లినట్టు మసకగా ఉంది. ముడి మాత్రం కనిపిస్తోంది. ఆమె ఆ ముడిని వేలితో తడిమింది.

"ఇంత చీకట్లో ఎట్లా తీస్తివన్నా?"

"తీసింది నేనేమ్మా. చూసింది వేలూరులో ఒక మేస్త్రీ కూతురు."