ఆమె చదవమన్న హెచ్చరిక

వనపర్తి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నాగర్‌కర్నూల్‌లో క్లాసు చెబుతున్నాను. "మేడం పోయిండ్రమ్మా. పొద్దున గుండెనొప్పి వచ్చింది," అన్నాడు కాలేజీ అటెండరు. వనపర్తి పాలిటెక్నిక్‌లో నాకు ప్రోగ్రామింగ్ నేర్పి, తన ల్యాబులోనే మొదటి ఉద్యోగం ఇప్పించిన మేడం. ఆమెకు ఒక మాట చెప్పాల్సి ఉండింది. ఆరేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాను.

మీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లుంటే ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. బొద్దు మానిటర్ మీద వేలు పెట్టి, కోడును వరుస వరుసగా పైకి చదివేవారు. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు రెండు ఆప్షన్లు తప్పక పెట్టించేవారు: అనుమానం వచ్చిన ప్రతిచోటా హెచ్చరించాలి, ఒక్క హెచ్చరిక ఉన్నా అక్కడే ఆగిపోవాలి. విసుక్కుంటే నవ్వేవారు. "అది తిడ్తలేదమ్మా, చెప్తుంది. జర ఇనుండ్రి."

గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖాన కోసం, రోగుల చీటీలు ముద్రించే చిన్న యంత్రానికి మేమిద్దరం ప్రోగ్రాం రాశాం. ఇవ్వాల్సిన రోజు మేడం సెలవు. ఒక వివరానికి విలువ పెట్టకుండానే దాన్ని వాడుతున్నావని హెచ్చరించి కంపైలర్ ఆగిపోయింది. దవాఖాన మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆ రెండు ఆప్షన్లూ తీసేశాను. యంత్రం చక్కగా నడిచింది.

నెల తిరక్కముందే బయటపడింది. జబ్బు పేరు నింపకుండా వదిలేస్తే, మెమరీలో మిగిలిపోయిన ముందు రోగి వివరాలు తర్వాతివాళ్ల చీటీ మీద పడుతున్నాయి. మగ్గం నేసే ఒకామెకు టీబీ అన్న సంగతి అలా ఆమె వెనకే వచ్చిన పక్కింటావిడ చీటీ మీద అచ్చయింది.

మేడం నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు. మగ్గం ఖాళీగా ఉంది.

"తప్పు మాదేనమ్మా," అన్నారు మేడం, కూర్చోకుండానే.

"మందులు వాడితే తగ్గుతదంటుండ్రు మేడం. కానీ షావుకారు నూలు ఇస్తలేడు. నా పిల్లలతోని ఎవ్వరు ఆడుతలేరు."

మేడం షావుకారునూ బతిమాలారు. ఫలితం లేకపోయింది. కొన్నాళ్లకు ఆ కుటుంబం ఊరు విడిచిపోయింది.

ఆ ఇంటికి వెళ్లిన రోజే, తిరుగు బస్సులో మేడం అడిగారు. "హెచ్చరిక రాలేదా?"

"రాలేదు మేడం."

ఆమె కిటికీలోంచి బయటికి చూశారు. మర్నాడు నేను ఫైలు తెరిస్తే ఆ రెండు ఆప్షన్లూ మళ్లీ ఉన్నాయి. నేనైతే పెట్టలేదు. ఆమె ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు, నాకు నేర్పడమూ మానలేదు.

మేడం పోయిన పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. మేడం వాళ్ల అక్క మంచం మీద బట్టలు సర్దుతోంది.

"గద్వాల చీటీల తప్పు నాదక్కా. హెచ్చరిక వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పిన," అన్నాను.

"తెల్సు బిడ్డా. 'మళ్ల అడిగితే ఇంకో అబద్ధం ఆడ్తది. దానంతట అదే చెప్పనీ' అనేది."

"ఎదురుచూసిండ్రా?"

"చూడదా మరి?"

అక్క మేడం చీర ఒకటి విప్పి, రెండు కొసలు నా చేతికిచ్చింది. ఒక్కో మడతకూ ఒక్కో అడుగు దగ్గరికి వస్తూ, ఇద్దరం ఆ చీరను నెమ్మదిగా మడతపెట్టాం.