అత్తగారి బొట్టు పడిన మదర్‌బోర్డు

నర్సీపట్నంలో కంప్యూటరు దగ్గరికి చెప్పులు విప్పి వెళ్ళే కాలం ఒకటుండేది. నేను చెప్పులతోపాటు చదువుని కూడా తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గరే విప్పేసి వచ్చిన మనిషిని (అది బడికి నేను చేసిన మేలని మా లెక్కల మాస్టారు ఇప్పటికీ అంటారు). ఇరవై ఏళ్ళకే బస్టాండు పక్క సందులో మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. మూడు రకాలు బాగుచేసినా ఊరు మాత్రం నన్ను ‘మిక్సీ’ అనే పిలిచేది. ఆ మిక్సీ ఒక కంప్యూటరుకి ప్రాణం పోసిన రోజు గురించి ఎవరడిగినా చెబుతాను. అడక్కపోయినా చెబుతాను.

మా కొట్టుకి ఎదురుగా డీటీపీ అక్క కొట్టు. అంతకుముందు ఇంట్లో జాకెట్లు కుట్టుకునేది. ఎక్కడో పాత కంప్యూటరొకటి సంపాదించి, పెళ్ళి కార్డులు, కొండమీద ఊళ్ళనుంచి ఆఫీసుల పనిమీద దిగినవాళ్ళకి అర్జీలు కొట్టిచ్చే కొట్టు తెరిచింది. వాళ్ళ అత్తగారికి ఇది సుతరామూ ఇష్టం లేదు. “ఆ డబ్బా ఆగిపోయిన్నాడు తాళమేసీసి ఇంటికొచ్చి మిషను తొక్కుకో” అన్న షరతు మీదే ఒప్పుకుంది. ఒకరోజు ఆ డబ్బా ఆగనే ఆగింది. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెరమీద మాత్రం ఏమీ రాదు. విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు మూత కూడా సరిగా తియ్యకుండా “బోర్డు పోయిందండీ, ఈ మోడలు ఇంక దొరకదు” అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

పరామర్శకని వెళ్ళి (ఊరికే చూద్దామనే కుతూహలానికి మర్యాదైన పేరు) నేను మూత తీశాను. ప్రాసెసరు చుట్టూ కరెంటుని పట్టి సమంగా వదిలే కెపాసిటర్లు ఎనిమిది నిలబడి ఉన్నాయి. వేలెడైనా లేని ఆ డబ్బాలన్నీ పెళ్ళి భోజనంలో మూడోసారి వడ్డించుకున్నట్టు పొట్టలు ఉబ్బి ఉన్నాయి. టీవీల్లో ఇలాంటి పొట్టలు నేను బోలెడు చూశాను.

“అక్కా, బోర్డు పోలేదే. అజీర్తి సేసింది, అంతే.”

“నవ్వులాటకి ఇది టైము కాదు తమ్ముడూ. సాయంత్రం మాయన తాళమేసీడానికి వస్తన్నారు.”

“సాయంత్రానికి నీ సేత టైపు కొట్టిస్తాను. నేదంటే నాను కూడా కొట్టు మూసీసి, మీ ఇంట్లో కాజాలు కుట్టుకుంటాను. సరేనా?”

అన్నానే గానీ కంప్యూటరు బోర్డుకి సోల్డరింగు చెయ్యడం అదే మొదలు. కెపాసిటరుకి ఒక కాలు ప్లస్, ఒక కాలు మైనస్. తిరగేసి పెడితే దీపావళి ముందే వస్తుంది. బోర్డుమీద అచ్చువేసిన గుర్తులేమో పాతవాటినుంచి కారిన జిగురుకి చెరిగిపోయాయి. మార్కరు పెన్ను లేదు. అక్క దేవుడి పటం ముందు కుంకుమ భరిణె కనబడింది. అగ్గిపుల్ల తడిపి, ఒక్కొక్క కెపాసిటరు ఒంటిమీది గీత చూసి, బోర్డుమీద దాని మైనస్ వైపున ఒక్కొక్క కుంకుమ చుక్క పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోతూ, ప్రాసెసరు తీసి పక్కన పెట్టి, ఎనిమిదింటినీ ఊడదీసి, కొత్తవి తేవడానికి మా కొట్టుకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గొడుగు పక్కన ఆనించి, కేరేజీ ఒళ్ళో పెట్టుకుని అత్తగారు స్టూలుమీద కూర్చుని ఉంది. వేలికి ఎర్రగా కుంకుమ. బోర్డుమీద ఎనిమిది చోట్లా అటొకటి, ఇటొకటి, సరిసమానంగా పదహారు బొట్లు. అన్నీ ఒకే సైజు. మధ్యలో పసుపు కూడా.

“పెద్దమ్మా! ఇవెవరెట్టారు?”

“నానే ఎట్టాను బాబూ. ఎవరో గానీ సగంలో ఒగ్గీసి పోనారు. ఒకపక్కే బొట్టెట్టి ఒదిలేస్తారేటి? రెండోపక్క కూడా నిండుగా ఎట్టీసినాను.”

“అది బొట్టు కాదు పెద్దమ్మా, మైనస్!”

“మైనసో గియినసో, కుంకం కుంకమే కదేటి.”

దొడ్లో చెయ్యి కడుక్కుని అప్పుడే వచ్చిన అక్క ఆ బోర్డునీ, అత్తగారి వేలినీ మార్చిమార్చి చూసింది. “అత్తా, మీకీ డబ్బా అంటే పడదు కదా?”

పెద్దమ్మ మొహం రోడ్డువైపు తిప్పేసుకుంది. “పడదు. అయితే మాత్రం? పేణం మీదకొచ్చినప్పుడు సూస్తూ కూకుంటామేటి?”

అక్క ఆవిడ ఒళ్ళోంచి కేరేజీ అందుకుంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి. తిరగేసి పెట్టి ఎనిమిదింటినీ గాల్లోకి పేల్చేస్తే తాళం పడేది అక్క కొట్టుకి, కాజాల పని నాకు. ఏ కాలు ఎటుందో గుర్తు తెచ్చుకుందామని ఊడదీసిన వరసంతా మనసులో తిప్పుకున్నాను. అప్పుడు తట్టింది. ప్రతిదానికీ ఒక కాలు వేడి తగలగానే వెన్నలా వచ్చేసింది, రెండో కాలు మాత్రం నన్ను ఏడిపించింది. టీవీల్లో కూడా ఇంతే! మైనస్ కాలు ఎర్తుకి కలిసుంటుంది. ఎర్తంటే బోర్డంతా పరుచుకున్న రాగిరేకు, పెట్టిన వేడినంతా అదే తినేస్తుంది. అయితే మొండికాలే మైనస్! స్పిరిటుతో బొట్లన్నీ తుడిచి, రెండు చోట్లు కలిసుంటే కూతపెట్టే మీటరు ముల్లు ఒకటి, ఎర్తుకి కలిసుండే స్క్రూ రంధ్రానికి ఆనించి, రెండోది ఒక్కొక్క రంధ్రంలో పెట్టాను. మొండికాలి రంధ్రాలు ఎనిమిదీ ‘కుయ్’మన్నాయి. ఇది ఏ కాలేజీలో చెబుతారో తెలీదు, నాకు మాత్రం సోల్డరింగు ఐరనే చెప్పింది.

నాలుగు గంటలకల్లా కొత్తవి అతికించి, ప్రాసెసరు పెట్టి, “అందరూ ఎనక్కి జరగండి” అన్నాను. అందరికంటే వెనక్కి నేనే జరిగి, పెద్దమ్మ గొడుగు మొనతో స్విచ్చి నొక్కాను (ధైర్యానికీ జాగ్రత్తకీ మధ్య ఒక గొడుగు దూరం ఉండాలి). ఫ్యాను తిరిగింది. ఒక్క కూత. తెరమీద అక్షరాలు.

“కూసిందే!” అని స్టూలుమీంచి లేచింది పెద్దమ్మ. “నా పేరు కొట్టే, సూద్దాం. పెద్దచ్చరాలతో కొట్టు.” అక్క కొట్టి ప్రింటు తీసింది. చదువురాని పెద్దమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చదివి, మడతపెట్టి రొంటిన దోపుకుంది. అంతలో తాళంకప్పతో అక్క మొగుడొచ్చాడు. “తాళమెందుకురా, ఎల్లి బేగి నాలుగు టీలు పట్రా” అంది వాళ్ళమ్మ.

ఆ మర్నాటి నుంచి ఊళ్ళో రెండు కథలు నడిచాయి. నేను బాగుచేశానని నేను, బొట్టు పెట్టినందుకే బతికిందని పెద్దమ్మ. జనం ఆవిడ కథనే నమ్మారు. నేను ఏళ్ళ తరబడి వాదించాను.

ఇప్పుడు మా కొట్లో మైక్రోస్కోపుంది, డజను మార్కరు పెన్నులున్నాయి. ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చే ఇంజనీరింగు కుర్రాళ్ళు “మీరు ఏ కాలేజీ సార్?” అని అడుగుతుంటే, ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. పనిచేసినన్నాళ్ళు పనిచేసి రిటైరైన ఆ బోర్డుని అక్క నాకే ఇచ్చింది. గోడకి తగిలించాను. మూలన ఒక బొట్టు ఉంది. బతికిన రోజు పెద్దమ్మ మళ్ళీ పెట్టింది, నేను తుడవలేదు. బోర్డు కింద మేకుకి ఆవిడ గొడుగు. “నీ ధైర్యానికి పనికొస్తాది, ఉంచుకో” అని ఆవిడే ఇచ్చింది. చచ్చిన బోర్డు దేనికైనా మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ గొడుగు మీదకి పోతుంది. వర్షంలో మాత్రం తడుస్తూనే ఇంటికి వెళతాను.