వంటింటి బల్ల మీది తుపాకి

వర్జిల్ స్ట్రౌడ్ వంటింటి బల్ల మీద రెండేళ్లుగా ఒక కార్బైన్ తుపాకి విడిభాగాలుగానే ఉంది. ప్రతి భాగమూ మేలురకమే కావాలంటాడు, చవకగా దొరికేదాకా కొనడు. ఉన్నవాటిని మాత్రం రోజూ పాత మేజోడుతో తుడిచి, దీపానికి ఎత్తి చూసుకుంటాడు. ఈలోగా, దాంతో కాల్చాలనుకున్న నక్కలు అతని మందలోంచి గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతూనే ఉన్నాయి. ఇవాళ ఆఖరి పిన్ను బిగిస్తుంటే దాని వెనకుండే బుల్లి స్ప్రింగు చటుక్కున ఎగిరి ఎటో పడింది. టార్చి పట్టుకుని, తిట్టుకుంటూ నేలంతా పాకుతున్నాడు.

"మీ నాన్న పాత తుపాకి ఉందిగా, అది తీసుకెళ్లొచ్చుగా?" అంది భార్య నడీన్.

"దానికి గురి తప్పుతుందే!"

"దీనికి తప్పదులే. పేలితేగా!"

బయట మంద ఒక్కసారిగా బెదిరి అరిచింది. వర్జిల్ తలెత్తలేదు. పొయ్యి కింద ఏదో తళుక్కుమంది.