దుక్కి వాసన వేసే తొట్టి

ప్రతి మంగళవారం నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగుతాను. ఊరి చివర ఒక చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. అక్కడి నీళ్లు పరీక్ష చేయడం నా ఉద్యోగం. సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, తేలిన రంగును బట్టి కాగితం మీద అంకె రాయాలి. తొట్లు చూసుకునే దస్రుకు ఈ తతంగమేదీ అక్కర్లేదు. గట్టు మీద నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఇయ్యాల మంచిగున్నయి బిడ్డా, అంటాడు. తీరా చూస్తే నా సీసా కూడా అదే చెప్పేది. డిగ్రీ చదివినదాన్ని కదా, మొదట్లో ఒళ్లు మండేది.

మురుగులో మంచి వాసనేమిటని మీరు ముక్కు మూసుకోకండి. గాలి బుడగలు పోతుండే పెద్ద తొట్టిలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. దస్రు వాటిని పురుగులంటాడు, నాకూ అదే అలవాటైంది. ఘాటైన అమ్మోనియాను కొన్ని పురుగులు మార్చేస్తే, అలా మారిన నత్రజనిని మరికొన్ని గాలిలో కలిపేస్తాయి. అవి ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ తొట్టి కంపు కొట్టదు. తొలకరి చినుకులు పడ్డ దుక్కి వాసన వేస్తుంది.

భూపాలపల్లి దగ్గరి తండాలో దస్రుకు రెండెకరాల చెలక ఉండేది. ఎనిమిదేళ్ల కింద అది బొగ్గు గనికి పోయింది. అమ్ముకున్న పొలమైతే ఎప్పుడైనా గట్టు మీద నుంచి చూసి రావచ్చు. ఇతనికి ఆ భాగ్యం కూడా లేదు, చెలక ఉన్నచోట ఇప్పుడు గొయ్యి ఉంది. మహబూబాబాద్ వచ్చి ఈ పనిలో చేరిన కొత్తలో, ఒకరోజు పొద్దున తొట్టి దగ్గర ఆ వాసన తగిలి అతను అక్కడే కూలబడి ఏడ్చాడట. నాకు తనే చెప్పాడు, సిగ్గుపడకుండా.

అతని భార్య తారి పచ్చళ్ల షెడ్డులో మామిడికాయలు కోస్తుంది. చెలక పోయినప్పటి నుంచి ఆమె నోట ఆ మాటే రాదు. దస్రు ఆ సంగతి ఎత్తితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతుంది. తొట్టి దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు అడిగినా, పాయఖానా నీళ్ల దగ్గర నాకేం పని అనేది.

"ఒక్కసారి దాన్ని తెచ్చి ఈడ నిలబెట్టాలె బిడ్డా," అన్నాడు నాతో. "ఆ చెలక సంగతి మాట్లాడుకోనీకి నాకు ఇంకెవలున్నరు?"

పోయిన జూన్‌లో తారి ఎట్టకేలకు ఒప్పుకుంది. మామిడి పని అయిపోయిన మర్నాడే వస్తానంది. దస్రు గట్టంతా కడిగి, ఆమె నిలబడే చోట ముగ్గు కూడా వేశాడు. మురుగు తొట్టికి ముగ్గేమిటని నేను నవ్వాను.

మామిడి పని ముగిసిన రోజే షెడ్డు వాళ్లు ముక్కలు నిల్వచేసిన ఉప్పునీటి డ్రమ్ములన్నీ మోరీలో ఒంపేశారు. తెల్లవారేసరికి తొట్టి మీద తెల్లటి నురగ. దుక్కి వాసన పోయి, కళ్లు మండే ఘాటు మిగిలింది. దస్రు ఇంటికి పరుగెత్తి, ఇయ్యాల రావద్దని తారికి చెప్పాడు. డ్రమ్ముల సంగతి అప్పుడే ఆమె నోట తెలిసింది, వాటిని దొర్లించిన వాళ్లలో ఆమె కూడా ఉంది.

ఇక దస్రు తనకు తెలిసిన వైద్యం చేశాడు. చౌడు తేలిన మడికి నిండా మంచినీళ్లు పెట్టి, ఉప్పు కరిగాక ఆ నీళ్లు వదిలేస్తారు కదా. మూడు రోజులు బోరు నీళ్లు పెట్టి, అలాగే తొట్టిని కడిగాడు. మంగళవారం నేను వెళ్లేసరికి ఉప్పు పోయిందని సంతోషంగా ఎదురొచ్చాడు. ఉప్పు నిజంగానే పోయింది. నా సీసాలో మాత్రం అమ్మోనియాకు తేలే రంగు ముదురు పసుపు దాటి గోధుమరంగుకు వచ్చింది.

ఊరవేసిన మామిడి ముక్కలోంచి నీరు లాగినట్టే ఉప్పు పురుగుల్లోంచీ లాగేస్తుంది. అయినా కొన్ని బతుకుతాయి. ఓపిక పడితే ఉప్పుకు అలవాటు పడతాయి కూడా. నత్రజని పని పట్టే పురుగులు పెరగడంలో మరీ నిదానం. ఆ మిగిలిన కాసిన్నీ దస్రు పెట్టిన నీళ్లతో పాటే కొట్టుకుపోయాయి.

"గిది నీ చెలక అనుకున్నవా?" అని అరిచాను.

పాడు నోరు నాది. ఎనిమిదేళ్లుగా అతను అనుకుంటున్నది అదేనని తెలిసి కూడా అన్నాను.

ఆ తప్పు నన్ను ఊరుకోనివ్వలేదు. జనగామలో ఒక ఆస్పత్రి శుద్ధి తొట్టి నాకు తెలుసు. అక్కడి నీళ్లలో ఎప్పుడూ కాస్త ఉప్పు ఉంటుంది, పురుగులు దానికి అలవాటు పడ్డాయి. వాళ్లను బతిమాలి ఇరవై క్యాన్ల బురద డీసీఎం వ్యానులో తెప్పించాను. దస్రు షెడ్డు యజమాని దగ్గరికి వెళ్లి, ఇకమీదట ఉప్పునీళ్లు ఒక్కసారే కాకుండా రోజుకు కొంచెం వదిలేలా ఒప్పించాడు. తర్వాత చేయగలిగింది గాలి పెట్టడం, ఎదురుచూడటం. రెండు నెలలు అతను నా సీసా వంకే చూశాడు. తన ముక్కును నమ్మడం మానేశాడు. ఆ వాసన మళ్లీ దొరకదని భయపడుతున్నాడని నాకు అర్థమయ్యేది.

ఆగస్టు చివరి మంగళవారం మందు చుక్కలు వేస్తే సీసాలో రంగు తేలలేదు. తలెత్తి చూస్తే దస్రు లేడు, సైకిలూ లేదు. అరగంటలో తారిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే గట్టెక్కింది. ఇనుప కమ్మీ దగ్గర ఆగి కొంగు తీసింది. దస్రు ఆమె మొహాన్నే చూస్తున్నాడు. తారి అతని వైపు తిరగకుండా, తమ లంబాడీలో కాకుండా, నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పింది.

"గీ వాసన మర్వనీకి నాకు ఎనిమిదేండ్లు పట్టింది బిడ్డా. ఈయన రోజు గిదే పీల్చుకుంట బతుకుతుండని నాకు తెల్వదు."

దస్రు తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకు చెలక మీద ప్రేమ లేదనుకున్నాడు పిచ్చివాడు.

నేను సామాను సర్దుకుని రైలుకు బయల్దేరినా తారి అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. దస్రు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె పక్కకు వెళ్లడానికి అతనికి ధైర్యం చాలలేదు.